వెబ్ సర్వీస్ క్లయింట్ బిల్డ్‌లో స్కీమా ఫైళ్లు దొరక్కపోతే ఏం చేయాలి: ఆన్‌విఫ్ కెమెరా ఉదాహరణతో

"బిల్డ్ కొడితే ఫలానా ఎక్స్‌ఎస్‌డీ దొరకలేదని ఆగిపోతోంది. ఆ ఫైల్ తెచ్చి పక్కన పెడితే ఇంకోటి లేదంటోంది. అది పెడితే మరోటి." (ఎక్స్‌ఎస్‌డీ అంటే సర్వీస్‌తో ఇచ్చిపుచ్చుకునే డేటా ఆకారాన్ని చెప్పే స్కీమా ఫైల్.) ఈ ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి మొత్తం పద్ధతి ఒకేచోట రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఎర్రర్ చూపించిన ఫైల్ వెంట ఒక్కొక్కటిగా పరుగెత్తితే ఈ పని తెమలదు. అన్ని ఫైళ్లూ ఒకేసారి, వాటి అసలు ఫోల్డర్ అమరికతో మీ ప్రాజెక్టులోకి తెచ్చుకుని, బిల్డ్ అసలు నెట్ వైపే చూడకుండా చేయాలి. కింది అంచెలన్నీ దాని కోసమే.

ఉదాహరణకు ఐపీ కెమెరాలతో మాట్లాడే ఆన్‌విఫ్ సర్వీస్‌ను తీసుకుందాం. దీని స్కీమాలు ఆన్‌విఫ్, డబ్ల్యూ3సీ, ఓయాసిస్ అనే మూడు ప్రమాణాల సంస్థల సైట్లలో చెదిరి ఉంటాయి కాబట్టి రాగల చిక్కులు దాదాపు అన్నీ ఇందులో వస్తాయి. టూల్ అపాచీ సీఎక్స్‌ఎఫ్ అనే జావా లైబ్రరీలోని డబ్ల్యూఎస్‌డీఎల్‌టుజావా. సర్వీస్ ఏం చేయగలదో వివరించే డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైల్ నుంచి అది జావా కోడ్ తయారుచేస్తుంది. డాట్‌నెట్, పైథాన్ వాళ్లకు 9వ అంచె విడిగా ఉంది. కమాండ్లు, ఆప్షన్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ పలికే తీరులో రాశాను. టైప్ చేసేటప్పుడు వాటి మామూలు ఇంగ్లీషు స్పెల్లింగే వాడండి.

## 1. ముందు ఎర్రర్‌ను చివరిదాకా చదవండి

"ఫైల్ దొరకలేదు" అని మనం అనేసే ఎర్రర్లు నిజానికి మూడు రకాలు. మందు మూడింటికీ వేరు.

మొదటి రకం: డాక్యుమెంట్ చదవలేకపోయాను. జావాలో ఇది "స్కీమా రిఫరెన్స్ 4" అనే పేరుతో కనిపిస్తుంది. అందులోనే మూడు కారణాలు రాసి ఉంటాయి: డాక్యుమెంట్ కనబడలేదు, కనబడినా చదవడం కుదరలేదు, చదివినా దాని రూట్ ఎలిమెంట్ స్కీమా కాదు. చాలామంది మొదటి కారణం చదివి ఆగిపోతారు. మూడోదే అసలు దోషి కావడం తరచూ జరుగుతుంది.

రెండో రకం: పేరు తేల్చలేకపోయాను. "ఎస్‌ఆర్‌సీ రిజాల్వ్" అని మొదలయ్యే ఎర్రర్. ఫైల్ దొరికింది, కానీ అందులో ఉండాల్సిన టైప్ కనబడలేదు. దీనికి కొత్త ఫైళ్లు దించుకుంటూ కూర్చుంటే లాభం లేదు. నేరుగా 7వ అంచెకు వెళ్లండి.

మూడో రకం: యాక్సెస్ అనుమతి లేదు. ఎర్రర్‌లో "యాక్సెస్ ఎక్స్‌టర్నల్ స్కీమా" అనే మాట ఉంటే ఫైల్ ఎక్కడికీ పోలేదు, జావాయే తలుపు మూసింది. దీని సంగతి 8వ అంచెలో.

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

- ప్రాజెక్టులో ఖాళీ ఫోల్డర్ ఒకటి. పేరు "స్కీమాలు" లాంటిది, స్పేస్ లేకుండా.
- డబ్ల్యూగెట్ (ఫైళ్లు దించడానికి), గ్రెప్ (వెతకడానికి), ఎక్స్‌ఎంఎల్‌లింట్ (ఎక్స్‌ఎంఎల్ సరిచూడడానికి). లినక్స్‌లో సులువుగా దొరుకుతాయి, విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ ఉంటే చాలు.
- ఏ విడుదల వాడుతున్నారో ఒక నిర్ణయం. ఆన్‌విఫ్ డబ్ల్యూఎస్‌డీఎల్‌లన్నీ గిట్‌హబ్‌లో ఆ సంస్థ స్పెక్స్ రిపాజిటరీలో ఉన్నాయి. ఒకే విడుదల నుంచి అన్నీ తీసుకోండి.
- జావా వెర్షన్. జావా 10 దాకా జేడీకేతో పాటే వచ్చిన డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ (ఇదీ డబ్ల్యూఎస్‌డీఎల్ నుంచి కోడ్ తయారుచేసేదే) జావా 11 నుంచి లేదు. సీఎక్స్‌ఎఫ్ 4కు కనీసం జావా 17 కావాలి.

## 3. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో కాగితం మీద గీయండి

విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటేసిన వాళ్లే రెండు రోజులు తిరుగుతారు.

డబ్ల్యూఎస్‌డీఎల్ నుంచి బయటకు వెళ్లే దారులు మూడు. డబ్ల్యూఎస్‌డీఎల్ ఇంపోర్ట్: దీని చిరునామా "లొకేషన్" అనే ఆట్రిబ్యూట్‌లో ఉంటుంది. స్కీమా ఇంపోర్ట్: వేరే నేమ్‌స్పేస్‌ను (టైప్‌ల పేర్లు ఢీకొనకుండా పెట్టే గుంపు పేరు) తెస్తుంది, చిరునామా "స్కీమాలొకేషన్"లో ఉంటుంది. స్కీమా ఇన్‌క్లూడ్: అదే నేమ్‌స్పేస్‌లోని ఇంకో ఫైల్‌ను కలుపుతుంది. అరుదుగా రీడిఫైన్ కూడా కనిపిస్తుంది. గ్రెప్‌తో "లొకేషన్" అనే మాటను పెద్ద, చిన్న అక్షరాల తేడా లేకుండా వెతికితే అన్నీ బయటపడతాయి.

ఆన్‌విఫ్‌లో డివైస్ సర్వీస్‌తో మొదలుపెడితే చెట్టు ఇలా వస్తుంది:

- డివైస్‌మేనేజ్‌మెంట్ డబ్ల్యూఎస్‌డీఎల్ → ఆన్‌విఫ్.ఎక్స్‌ఎస్‌డీ
- ఆన్‌విఫ్.ఎక్స్‌ఎస్‌డీ → కామన్.ఎక్స్‌ఎస్‌డీ (ఇది ఇన్‌క్లూడ్), డబ్ల్యూ3సీ నుంచి ఎక్స్‌ఎంఎల్‌మైమ్, సోప్ ఎన్వలప్, ఎక్స్‌ఓపీ ఇన్‌క్లూడ్ అనే మూడు స్కీమాలు, ఓయాసిస్ నుంచి బీ-2.ఎక్స్‌ఎస్‌డీ
- బీ-2 → టీ-1, బీఎఫ్-2 (ఈ రెండూ ఓయాసిస్‌వే), డబ్ల్యూ3సీ నుంచి డబ్ల్యూఎస్-యాడర్ (అడ్రసింగ్ స్కీమా)
- సోప్ ఎన్వలప్ → ఎక్స్‌ఎంఎల్.ఎక్స్‌ఎస్‌డీ

ఈవెంట్ సర్వీస్ కూడా కావాలంటే బీడబ్ల్యూ-2.డబ్ల్యూఎస్‌డీఎల్, అక్కడి నుంచి ఆర్‌డబ్ల్యూ-2.డబ్ల్యూఎస్‌డీఎల్, దాని వెనక ఆర్-2.ఎక్స్‌ఎస్‌డీ కూడా కలుస్తాయి. ఒక చిన్న కెమెరా క్లయింట్‌కు ఇంత బంధుగణం.

కొన్ని ఇంపోర్ట్‌లకు నేమ్‌స్పేస్ ఉంటుంది, స్కీమాలొకేషన్ ఉండదు. అది తప్పని కంగారుపడకండి. ఆ నేమ్‌స్పేస్ అదే డబ్ల్యూఎస్‌డీఎల్‌లో టైప్స్ భాగం లోపల ఇంకో స్కీమాగా రాసి ఉండొచ్చు. ముందు అక్కడ చూడండి. అక్కడా లేకపోతేనే ఫైల్ నిజంగా తప్పిపోయినట్టు.

## 4. ఫోల్డర్ అమరిక చెదరకుండా దించుకోండి

డివైస్ డబ్ల్యూఎస్‌డీఎల్‌లో ఆన్‌విఫ్ స్కీమా చిరునామా ఇలా ఉంటుంది: ../../../వెర్10/స్కీమా/ఆన్‌విఫ్.ఎక్స్‌ఎస్‌డీ

అంటే ఈ డబ్ల్యూఎస్‌డీఎల్ ఉన్న చోటి నుంచి మూడు మెట్లు పైకెక్కి, మళ్లీ వెర్10 లోకి దిగాలి. డబ్ల్యూఎస్‌డీఎల్ అసలు చోటు వెర్10/డివైస్/డబ్ల్యూఎస్‌డీఎల్ కాబట్టి ఆ లెక్క సరిపోతుంది. మీరు దాన్ని బ్రౌజర్‌లో సేవ్ చేసి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పెడితే, మూడు మెట్లు పైకెక్కేసరికి డ్రైవ్ మొదట్లోనో ఇంకెక్కడో తేలుతుంది.

రిలేటివ్ చిరునామాను ఎప్పుడూ అది రాసి ఉన్న ఫైల్ నుంచే లెక్కించాలి. మీరు కమాండ్ కొట్టిన ఫోల్డర్ నుంచి కాదు, మొట్టమొదటి డబ్ల్యూఎస్‌డీఎల్ నుంచి కూడా కాదు. కామన్.ఎక్స్‌ఎస్‌డీ అని ఆన్‌విఫ్.ఎక్స్‌ఎస్‌డీ లోపల ఉంటే అది ఆన్‌విఫ్.ఎక్స్‌ఎస్‌డీ పక్కనే ఉండాలి.

సులువైన మార్గం: డబ్ల్యూగెట్‌ను మైనస్ ఎక్స్ ఆప్షన్‌తో వాడండి. అది సైట్ పేరుతో ఒక ఫోల్డర్ చేసి, లోపల చిరునామాలో ఉన్న ఫోల్డర్లన్నీ అలాగే కట్టి ఫైల్‌ను పెడుతుంది. చెట్టులోని ప్రతి చిరునామాకూ ఈ కమాండ్ నడిపితే మీ స్కీమాల ఫోల్డర్‌లో ఆన్‌విఫ్, డబ్ల్యూ3సీ, ఓయాసిస్ సైట్ల పేర్లతో మూడు ఫోల్డర్లు వస్తాయి. ఈ అమరిక ఎందుకు విలువైనదో 6వ అంచెలో కేటలాగ్ దగ్గర తెలుస్తుంది.

చిరునామాలో మీకు అందని లోపలి మెషీన్ పేరు కనిపిస్తే సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ డబ్ల్యూసీఎఫ్ సర్వీసుల్లో ఇది మామూలే. స్కీమా చిరునామా చివర ?ఎక్స్‌ఎస్‌డీ=ఎక్స్‌ఎస్‌డీ0 అని ఉంటుంది, ముందు మాత్రం వాళ్ల ఆఫీసులో తప్ప ఎక్కడా తెరుచుకోని సర్వర్ పేరు. అలాంటప్పుడు:

1. మీరు వాడుతున్న బయటి చిరునామాకే చివర ?ఎక్స్‌ఎస్‌డీ=ఎక్స్‌ఎస్‌డీ0 తగిలించి తెరిచి చూడండి. చాలాసార్లు వచ్చేస్తుంది.
2. డాట్‌నెట్ 4.5, ఆపై సర్వీసుల్లో ?సింగిల్‌డబ్ల్యూఎస్‌డీఎల్ అని తగిలిస్తే స్కీమాలన్నీ కలిపిన ఒకే ఫైల్ వస్తుంది. అది వస్తే మీ పని సగం అయిపోయినట్టే.
3. రెండూ కుదరకపోతే సర్వీస్ నడిపే వాళ్లకు రాయండి. వాళ్ల వైపు "యూజ్ రిక్వెస్ట్ హెడర్స్ ఫర్ మెటాడేటా అడ్రస్" అనే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్ చేస్తే బయటి పేరుతోనే చిరునామాలు వస్తాయి. మెయిల్‌లో ఆ సెట్టింగ్ పేరు రాస్తే జవాబు త్వరగా వస్తుంది. "మీ డబ్ల్యూఎస్‌డీఎల్ పనిచేయడం లేదు" అని మాత్రం రాస్తే "మా దగ్గర పనిచేస్తోంది" అని తిరుగు టపా వస్తుంది.

## 5. వచ్చింది స్కీమానా, వెబ్ పేజీనా?

ప్రతి ఫైల్ మొదటి కొన్ని లైన్లు తెరిచి చూడండి. "హెచ్‌టీఎంఎల్" అని కనిపిస్తే అది స్కీమా కాదు. లాగిన్ పేజీ, ప్రాక్సీ హెచ్చరిక, "ఈ పేజీ తరలించబడింది" అనే సందేశం, ఏదైనా కావచ్చు.

"బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది, టూల్‌కు మాత్రం దొరకడం లేదు" అనే ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం ఇదే. పాత స్కీమాల్లో చిరునామాలన్నీ హెచ్‌టీటీపీతో ఉంటాయి. సర్వర్ హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లిస్తుంది. బ్రౌజర్ నోరెత్తకుండా వెంట వెళ్తుంది. జావాలోని మామూలు హెచ్‌టీటీపీ కనెక్షన్ మాత్రం ప్రొటోకాల్ మారితే దారి మళ్లదు, మళ్లింపు సందేశాన్నే స్కీమా అనుకుని చదవబోయి బోర్లాపడుతుంది.

డబ్ల్యూ3సీ సైట్ నుంచి ప్రతి బిల్డ్‌కూ ఫైళ్లు లాగడం మర్యాద కూడా కాదు. ఇలాంటి ఫైళ్ల కోసం రోజుకు 13 కోట్ల దాకా రిక్వెస్టులు వస్తున్నాయని ఆ సంస్థ 2008లోనే మొర పెట్టుకుంది.

అన్ని ఫైళ్లనూ ఎక్స్‌ఎంఎల్‌లింట్‌తో, నోఅవుట్, నోనెట్ ఆప్షన్లు పెట్టి ఒకసారి తిప్పండి. సగంలో తెగిన డౌన్‌లోడ్లు, చాలా వెబ్ పేజీలు ఇక్కడే దొరికిపోతాయి.

## 6. కేటలాగ్ రాయండి, అసలు ఫైళ్లను ముట్టుకోకండి

ఇప్పుడు ఫైళ్లు మీ దగ్గర ఉన్నాయి, కానీ ఆన్‌విఫ్.ఎక్స్‌ఎస్‌డీ లోపల ఇంకా డబ్ల్యూ3సీ, ఓయాసిస్ పూర్తి చిరునామాలే ఉన్నాయి. ఇక్కడ అందరికీ వచ్చే మొదటి ఆలోచన ఆ చిరునామాలను చేత్తో మార్చేయడం. నా సలహా వద్దనే. ఆరు నెలల తర్వాత కొత్త విడుదల తెచ్చుకున్నప్పుడు ఎక్కడెక్కడ ఏం మార్చారో ఎవరికీ గుర్తుండదు.

దానికి బదులు ఓయాసిస్ ఎక్స్‌ఎంఎల్ కేటలాగ్ వాడండి. "ఫలానా చిరునామా అడిగితే ఈ లోకల్ ఫైల్ ఇవ్వు" అని చెప్పే చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైల్ అది.

1. స్కీమాల ఫోల్డర్‌లోనే కేటలాగ్.ఎక్స్‌ఎంఎల్ పేరుతో ఫైల్ సృష్టించండి. రూట్ ఎలిమెంట్ కేటలాగ్, నేమ్‌స్పేస్ యూఆర్‌ఎన్:ఓయాసిస్:నేమ్స్:టీసీ:ఎంటిటీ:ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్:ఎక్స్‌ఎంఎల్:కేటలాగ్.
2. లోపల రీరైట్‌సిస్టమ్ ఎలిమెంట్ రాయండి. సిస్టమ్‌ఐడీస్టార్ట్‌స్ట్రింగ్‌లో డబ్ల్యూ3సీ సైట్ చిరునామా మొదలు (చివరి స్లాష్‌తో సహా), రీరైట్‌ప్రిఫిక్స్‌లో అదే పేరున్న మీ ఫోల్డర్ (ఇక్కడా చివర స్లాష్).
3. ఓయాసిస్‌కు అలాగే ఇంకొకటి.
4. అవే రెండు లైన్లను రీరైట్‌యూఆర్‌ఐ ఎలిమెంట్‌తో కూడా రాయండి (ఇందులో మొదటి ఆట్రిబ్యూట్ పేరు యూఆర్‌ఐస్టార్ట్‌స్ట్రింగ్). కొన్ని టూల్స్ ఒకదాన్ని చూస్తాయి, కొన్ని రెండోదాన్ని.
5. హెచ్‌టీటీపీకి ఒక లైన్, హెచ్‌టీటీపీఎస్‌కు ఇంకో లైన్. కేటలాగ్ అక్షరం అక్షరం పోల్చుకుంటుంది.

డబ్ల్యూగెట్ సైట్ పేరుతోనే ఫోల్డర్లు కట్టింది కాబట్టి ఒక్కో సైట్‌కు ఒక్కో నియమం సరిపోయింది. లేకపోతే ప్రతి ఫైల్‌కూ ఒక లైన్ రాయాల్సి వచ్చేది.

కేటలాగ్‌లోని రిలేటివ్ దారులను కేటలాగ్ ఫైల్ ఉన్న చోటి నుంచి లెక్కిస్తారు. ఇంకో సంగతి: నమూనాల్లో కనిపించే డాక్‌టైప్ లైన్‌ను కేటలాగ్ పైన పెట్టకండి. నెట్‌కు వెళ్లకుండా ఆపాల్సిన ఫైలే తన డీటీడీ కోసం నెట్‌కు వెళ్లే ప్రమాదం ఉంది.

డబ్ల్యూఎస్‌డీఎల్‌టుజావాకు మైనస్ కేటలాగ్ ఆప్షన్‌తో ఈ ఫైల్ ఇవ్వండి. మావెన్ అనే జావా బిల్డ్ టూల్‌లో అయితే సీఎక్స్‌ఎఫ్ కోడ్‌జెన్ ప్లగిన్‌లో డబ్ల్యూఎస్‌డీఎల్ ఆప్షన్ కింద కేటలాగ్ అనే ట్యాగ్ ఉంది.

బిల్డ్ కొట్టే ముందు సరిచూసుకోండి

- [ ] చెట్టులోని ప్రతి ఫైల్ డిస్క్ మీద ఉంది
- [ ] ఏ ఫైల్ మొదట్లోనూ హెచ్‌టీఎంఎల్ లేదు
- [ ] ఫైల్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాలు స్కీమాలొకేషన్‌లో ఉన్నట్టే ఉన్నాయి (విండోస్ పట్టించుకోదు, లినక్స్ బిల్డ్ సర్వర్ పట్టించుకుంటుంది)
- [ ] బ్రౌజర్ చివర తగిలించిన .టీఎక్స్‌టీ, (1) లాంటివి లేవు
- [ ] కేటలాగ్‌లో రెండు వైపులా చివరి స్లాష్ ఉంది
- [ ] స్కీమాల ఫోల్డర్ గిట్‌లో చేరింది

చివరిగా నెట్ ఆపేసి బిల్డ్ కొట్టండి. మావెన్ మైనస్ ఓ ఆప్షన్ దీనికి సరిపోదు. అది మావెన్ రిపాజిటరీకి వెళ్లడాన్ని ఆపుతుందే గానీ, కోడ్ తయారుచేసే టూల్ స్కీమాల కోసం నెట్‌కు వెళ్లడాన్ని ఆపదు. వైఫై తీసేయండి, లేదా డాకర్‌లో నెట్‌వర్క్ నన్ పెట్టి నడపండి (ప్లగిన్లు ముందే దిగి ఉండాలి). అలా పాసైతేనే పని అయినట్టు.

## 7. ఫైల్ ఉంది, టైప్ మాత్రం దొరకడం లేదు

అన్నిటికంటే చికాకు పెట్టేది ఇదే. కారణాలు ఈ వరసలో చూడండి.

విడుదలలు కలిసిపోయాయి. కొత్త మీడియా డబ్ల్యూఎస్‌డీఎల్, పాత ఆన్‌విఫ్.ఎక్స్‌ఎస్‌డీ. కొత్తది అడిగే టైప్ పాతదాంట్లో ఇంకా పుట్టలేదు. ఫోల్డర్ మొత్తం తుడిచి ఒకే విడుదల నుంచి మళ్లీ తెచ్చుకోండి. అతుకులు వేయకండి.

ఇంపోర్ట్ వారసత్వంగా రాదు. ఒకటో స్కీమా రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని ఇంపోర్ట్ చేస్తే, ఒకటోది మూడోదాంట్లోని టైప్‌లను నేరుగా వాడటానికి కుదరదు. దానికి తన సొంత ఇంపోర్ట్ లైన్ కావాలి. "ఎస్‌ఆర్‌సీ రిజాల్వ్ 4.2" అని వస్తే ఇదే, ఏ ఫైల్‌లో ఏ నేమ్‌స్పేస్‌కు ఇంపోర్ట్ చేర్చాలో కూడా ఎర్రర్‌లోనే ఉంటుంది. ఇది స్కీమా రాసిన వాళ్ల తప్పు కాబట్టి ఫైల్‌ను మార్చక తప్పదు. మార్పును విడిగా ఒక ప్యాచ్ ఫైల్‌గా దాచండి, వాళ్లకూ తెలియజేయండి.

ఒకే నేమ్‌స్పేస్‌కు రెండు ఫైళ్లు. ఒకే స్కీమాలో ఒకే నేమ్‌స్పేస్‌ను రెండు వేర్వేరు ఫైళ్ల నుంచి ఇంపోర్ట్ చేస్తే, జావాలోని జెర్సెస్ పార్సర్ మామూలుగా మొదటిదాన్నే తీసుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. ఏ హెచ్చరికా ఉండదు. పరిష్కారం: అదే టార్గెట్ నేమ్‌స్పేస్‌తో చిన్న స్కీమా ఒకటి రాసి, అందులో ఆ రెండు ఫైళ్లనూ ఇన్‌క్లూడ్ చేయండి. ఇంపోర్ట్ ఒక్కటే ఉంచి, ఈ కొత్త ఫైల్‌ను చూపించండి.

ఇంపోర్ట్, ఇన్‌క్లూడ్ తారుమారు. అదే నేమ్‌స్పేస్ అయితే ఇన్‌క్లూడ్, వేరే అయితే ఇంపోర్ట్. ఇందులో మినహాయింపు ఒక్కటే: టార్గెట్ నేమ్‌స్పేస్ అసలు లేని ఫైల్‌ను ఇన్‌క్లూడ్ చేస్తే, అది పిలిచినవాళ్ల నేమ్‌స్పేస్‌నే తొడుక్కుంటుంది.

ఇంపోర్ట్ లైన్‌ను తీసేసి, ఎర్రర్ ఇచ్చిన టైప్‌ను ఎనీటైప్‌గా మార్చే చిట్కా కూడా కొందరు చెబుతుంటారు. బిల్డ్ పాసవుతుంది. తర్వాత ఆ ఫీల్డ్‌లో ఏముందో కోడ్‌కు తెలియదు, కెమెరా పంపిన జవాబును చేత్తో విప్పుకోవాలి. దాన్ని పరిష్కారం అనలేం.

## 8. జావా మూసిన తలుపు

జావా 8తో పాత డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ వాడేవాళ్లకు "ఎక్స్‌జేసీ.ఎక్స్‌ఎస్‌డీ చదవలేను, ఫైల్ యాక్సెస్‌కు అనుమతి లేదు" అని రావచ్చు. భద్రత కోసం పెట్టిన అడ్డు అది. జావాఎక్స్.ఎక్స్‌ఎంఎల్.యాక్సెస్‌ఎక్స్‌టర్నల్‌స్కీమా అనే సిస్టమ్ ప్రాపర్టీకి "ఆల్" అని విలువ ఇస్తే తెరుచుకుంటుంది. బిల్డ్ కమాండ్ వరకే ఇవ్వండి. జేఆర్ఈ లోపలి ప్రాపర్టీస్ ఫైల్‌లో రాస్తే ఆ మెషీన్‌లోని ప్రతి ప్రోగ్రాంకూ వర్తిస్తుంది, పైగా కొత్త బిల్డ్ సర్వర్‌లో అది లేక మళ్లీ మొదటికొస్తుంది.

## 9. డాట్‌నెట్, పైథాన్ వాళ్లకు

డాట్‌నెట్ కోడ్ తయారుచేసే పాత టూల్ ఎస్‌వీసీయుటిల్‌కు లోకల్ డబ్ల్యూఎస్‌డీఎల్ ఇస్తే అది స్కీమాలొకేషన్ వెంట వెళ్లదు. డబ్ల్యూఎస్‌డీఎల్‌లు, ఎక్స్‌ఎస్‌డీలు అన్నీ కమాండ్ లైన్‌లోనే ఇవ్వాలి, స్టార్ గుర్తుతో ఇస్తే సరి. నడుస్తున్న సర్వీస్ నుంచి ఫైళ్లన్నీ దించుకోవాలంటే అదే టూల్‌కు టార్గెట్ ఆప్షన్‌గా మెటాడేటా ఇవ్వండి.

పైథాన్‌లో జీప్ అనే వెబ్ సర్వీస్ లైబ్రరీ వాడేవాళ్లు, పైథాన్ మైనస్ ఎం జీప్ అని కొట్టి డబ్ల్యూఎస్‌డీఎల్ దారి ఇస్తే టైప్‌లు, ఆపరేషన్లు అన్నీ స్క్రీన్ మీదకు వస్తాయి. కోడ్ రాసే ముందే చేసే మంచి పరీక్ష అది. ఆన్‌విఫ్ జీప్ లైబ్రరీలో డివైస్‌మేనేజ్‌మెంట్ ఫైల్ లేదని సైట్‌ప్యాకేజెస్ దారి చూపిస్తూ ఎర్రర్ వస్తే, లైబ్రరీ తనతో వచ్చిన డబ్ల్యూఎస్‌డీఎల్ ఫోల్డర్‌ను తప్పు చోట వెతుకుతోందని అర్థం. కెమెరా ఆబ్జెక్ట్ సృష్టించేటప్పుడు పాస్‌వర్డ్ తర్వాతి ఆర్గ్యుమెంట్‌గా ఆ ఫోల్డర్ పూర్తి దారి ఇవ్వండి. ఆ ఫోల్డర్‌లో ఫైళ్లన్నీ ఒకేచోట పరిచి, లోపలి చిరునామాలు దానికి తగ్గట్టు మార్చి ఉంటాయి. అందులో ఆన్‌విఫ్ సైట్ నుంచి తెచ్చిన ఫైల్ ఒక్కటి కలిపినా మూడు మెట్ల లెక్క మళ్లీ తప్పుతుంది.

## 10. బిల్డ్ పాసై, సర్వర్‌లో పడిపోతే

తయారైన జావా క్లాసులు నడిచేటప్పుడు కూడా డబ్ల్యూఎస్‌డీఎల్‌ను చదువుతాయి. ఆ దారి కోడ్ తయారైన రోజున మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైల్ దారిగానే సర్వీస్ క్లాస్‌లో అచ్చయి ఉంటుంది. సర్వర్‌లో ఆ యూజర్ ఫోల్డర్ ఎక్కడుంటుంది?

1. స్కీమాల ఫోల్డర్ మొత్తాన్ని, అమరిక మార్చకుండా, మావెన్ రిసోర్సెస్‌లోకి తరలించండి.
2. కోడ్ తయారుచేసేటప్పుడు డబ్ల్యూఎస్‌డీఎల్‌లొకేషన్ ఆప్షన్‌కు క్లాస్‌పాత్: అని మొదలయ్యే దారి ఇవ్వండి.
3. కేటలాగ్ ప్రతిని మెటా-ఇన్ఫ్ ఫోల్డర్‌లో జాక్స్-డబ్ల్యూఎస్-కేటలాగ్.ఎక్స్‌ఎంఎల్ పేరుతో పెట్టండి. సీఎక్స్‌ఎఫ్ దాన్ని తనే తీసుకుంటుంది. ఫైల్ చోటు మారింది కాబట్టి లోపలి రిలేటివ్ దారులు సరిచేయడం మరవకండి.
4. కెమెరా అసలు చిరునామాను కోడ్‌లో బైండింగ్ ప్రొవైడర్ ద్వారా ఎండ్‌పాయింట్ అడ్రస్ ప్రాపర్టీగా ఇవ్వండి. డబ్ల్యూఎస్‌డీఎల్ ఎక్కడుందన్నది ఒకటి, సర్వీస్ ఎక్కడుందన్నది ఇంకొకటి. ఆ రెండూ ఒకటే కానక్కర్లేదు.
5. జార్‌ను తెరిచి ఎక్స్‌ఎస్‌డీలన్నీ లోపల ఉన్నాయో లేదో చూడండి. రిసోర్సెస్ ఫిల్టర్‌లో ఎక్స్‌ఎంఎల్, ప్రాపర్టీస్ మాత్రమే రాసి ఉంటే ఎక్స్‌ఎస్‌డీలు, పేరు చివర .ఎక్స్‌ఎస్‌డీ లాంటి పొడిగింపు లేని డబ్ల్యూ3సీ ఫైళ్లు బయటే ఉండిపోతాయి.